పని చేస్తాంది గదా!

మా ఊరి పేరే గడప. తిరుమల వెంకన్న దర్శనానికి వెళ్ళేవాళ్ళకు ఇది దేవుని గడప అనీ, ఆ మాటే కడప అయిందనీ అంటారు. అలాంటి ఊళ్ళో కాపురముంటూ కూడా, మా వీధి తలుపుకు వేసే బీగం సంగతి నేనెన్నడూ పట్టించుకోలేదు. (మావైపు తాళాన్ని బీగమంటాం లెండి.) మా అత్తగారి నాటి ఇత్తడి బీగమది. కాస్త గట్టిగా లాగితే చెవి అవసరం లేకుండానే ఊడి వస్తుంది. మార్చమని మావారు పోరుతూనే ఉంటారు. "పని చేస్తాంది గదా" అంటాను నేను.

మొన్న సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఫోనులో ఎవరితోనో అంటున్నాడు: "పాత కోడు పని చేస్తాంది గదా, ఇప్పుడు కదిలించేదెందుకు?" నా మాటే వాడి నోట వినేసరికి ఎందుకో గుండె ఝల్లుమంది.

"ఏంరా, అందులో ఏమన్నా లోపముందా?" అన్నాను. ఉందట. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లాంటిదట.

నాకు అర్థమైనట్టు చెబుతాను. పక్కింటావిడ చిన్న గిన్నెడు చక్కెర ఇచ్చి, "డబ్బాడు ఇచ్చాను, డబ్బాడు తిరిగివ్వండి" అంటుంది. మనం గిన్నె వంక చూడకుండా, చేతికందినవన్నీ డబ్బా నిండేదాకా పోస్తాం. చక్కెరతో పాటు పక్కనే దాచుకున్న గొలుసూ, చీటీ డబ్బూ వెళ్ళిపోతాయి. వెబ్‌సైట్ల రహస్యాలు కాపాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాములో జరిగింది సరిగ్గా ఇదే. అవతలివాళ్ళు పంపింది నాలుగక్షరాలైనా, అడిగితే విడతకు దాదాపు 64 వేల అక్షరాల దాకా పక్కనున్నవి ఇచ్చేసేది, పాస్‌వర్డులతో సహా! గిన్నెను కొలిచి చూసే చిన్న షరతు రాయడం మరిచారు. 2012 నుంచి రెండేళ్ళు అలాగే ఉండిపోయింది. అన్నాళ్ళూ అదీ పని చేస్తూనే ఉంది!

1970లలో పుట్టిన సీ భాష గిన్నెను కొలవదట, ఆ భారం రాసేవాడి మీదే వదిలేస్తుంది. 2015లో తొలి స్థిరమైన రూపం వచ్చిన రస్ట్ లాంటి భాషలు తామే కొలుస్తాయి. తాము సరిదిద్దే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం ఇలాంటి మెమరీ పొరపాట్లేనని మైక్రోసాఫ్ట్ వాళ్ళే 2019లో చెప్పారు. అలాగని కొత్త భాషతోనే అన్నీ చక్కబడవు. కొత్త బీగం కొని, చెవిని తులసికోటలో దాచేవాళ్ళను ఎవరు కాపాడతారు?

"నేర్చుకునేదానికి టైమేదిమా? రెండ్రోజుల్లో పని కావాలంటారు" అన్నాడు.

వాడి కష్టం నాకు తెలియనిదా! తెలియక చేస్తే పొరపాటు, తెలిసి చేస్తే తప్పు అని మనం సులువుగా గీత గీసుకున్నాం. మరి తెలుసుకోగలిగీ తెలుసుకోకపోతే, అది గీతకు ఏ పక్కన పడుతుంది? నా బీగం ఊడితే పోయేవి నా గిన్నెలు. వాడి బీగం ఊడితే పోయేవి ఏ ఆళ్ళగడ్డ టీచరమ్మవో పొదుపు డబ్బులు. ఆవిడ ఆ బీగాన్ని ఎంచుకోలేదు, కంటితో చూడనైనా లేదు. ఎవరో శ్రద్ధగా చేసి ఉంటారని నమ్మింది, అంతే. అంత నమ్మకం చేతిలో పెట్టుకున్నవాడికి, నేర్చుకోవడం ఆవిడకు తీర్చవలసిన బాకీ అనిపిస్తుంది నాకు.

ఆ మాటే అన్నాను. వాడు నవ్వేసి, "ముందు నీ బీగం మార్చుమా" అన్నాడు.

నిజమే కదా! సాయంత్రమే బజారుకెళ్ళి కొత్తది తెచ్చాను. ఆ రాత్రి పదకొండు దాటినా వాడి గదిలో దీపం వెలుగుతూనే ఉంది. ఏం చేస్తున్నావని అడగలేదు. గ్లాసుడు పాలు బల్ల మీద పెట్టి వచ్చేశాను.