కృత్తికలు ఆరా, ఏడా?

కార్తిక మాసమునకు ఆ పేరు కృత్తికా నక్షత్రము వలన వచ్చినది. ఆ మాసపు పౌర్ణమినాడు చంద్రుడు దాని చెంత నుండును. తిరుమంగై ఆళ్వారులు అవతరించినది ఈ మాసముననే, ఈ నక్షత్రముననే. వేదములోని నక్షత్రముల వరుస కూడ కృత్తికతోనే మొదలగును.

బాల్యమున తైత్తిరీయము వల్లించునపుడు అంబ, దుల, నితత్ని, అభ్రయంతి, మేఘయంతి, వర్షయంతి, చుపుణీక అని ఏడు పేరులు కంఠస్థము చేసితిని. స్కందునికి పాలిచ్చిన తల్లులన్ననో ఆర్గురు. పిమ్మట నేను పాఠము చెప్పు కాలమున ఒక బాలుడు లేచి, “గురువుగారూ, కృత్తికలు ఆరా, ఏడా? నిన్న రాత్రి నాకు ఆరే కనబడినవి” అనెను. “శాస్త్రమును కంటితో కొలువకుము, కూర్చో” అని గద్దించితిని. నిజమునకు నేను అంతవరకు తలయెత్తి లెక్కించి యెరుగను. ఆ బాలుడు మరల నన్ను ఏ ప్రశ్నయు అడుగలేదు.

నేడతడు కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచున్నాడు. గత కార్తికమున పౌర్ణమినాడు ఒక టెలిస్కోపును మా మేడపైకి తెచ్చెను. వెన్నెలలో కృత్తికలు వెలవెలబోయినవి. అమావాస్య దగ్గరపడిన పిదప మరల వచ్చెను. మొదట చూచినపుడు రెండు మూడు చుక్కలు తప్ప ఏమియు లేవు. “ఇంతేనా?” అంటిని. ఆ గుంపు వెడల్పు చంద్రబింబమునకు నాలుగింతలకు దగ్గరగా నుండునట. ఎక్కువ పెద్దదిగా చూపు కటకములో అది ఇమడదు. (బైనాక్యులర్ ఉన్నవారికి టెలిస్కోపు అవసరమే లేదని అతడే చెప్పెను.) తక్కువ శక్తిగల కటకమును అమర్చినంతనే నీలిరవ్వలు కుమ్మరించినట్లు కనబడినవి. ముప్పది వరకు లెక్కించి తప్పితిని. శస్త్రచికిత్స జరిగిన కన్ను చెమ్మగిల్లినది.

గెలీలియో 1610లో తన యంత్రముతో చూచి, కంటికి తెలియని చుక్కలను ముప్పదికి పైగా చిత్రించెను. ఇప్పటి లెక్కకు వేయికి మించియున్నవి. ఒకే మేఘమునుండి సుమారు 10 కోట్ల ఏండ్ల క్రిందట పుట్టినవట. బంధము సడలినది గనుక కాలక్రమమున చెదరిపోవును. నేటి రాత్రి మన కంటబడు వెలుగు అక్కడ బయలుదేరి సుమారు 440 ఏండ్లైనది. అనగా తళ్ళికోట యుద్ధము ముగిసిన కొలది కాలమునకు.

భక్తమహాశయులారా, మరి వేదము ఏడనుట అసత్యమా? నిత్యము సహస్రనామ పారాయణ చేయు మనలో స్వామికి వేయే నామములని తలచువారు ఎవ్వరు? పిలుచుటకు ఏడు పేరులిచ్చిన ఋషి, ఎనిమిదవదానిని చూడవలదని శాసింపలేదు. శాసించినవాడను నేను.

“గురువుగారూ, ఎన్ని?” అని అతడు మెల్లగా అడిగెను.

“లెక్క తెగలేదు నాయనా. ఆనాడు నీవడిగినపుడే నీతో వాకిటిలోకి వచ్చి చూడవలసినది” అంటిని.

అతడేమియు పలుకక, చుక్కలు పడమటికి జరిగినందున యంత్రమును సరిచేసి, మరల చూడుడని నాకు చోటిచ్చెను.