ఆశ – ఆర్తి – కూర్మనాథుడు

కోరిక లేని ప్రాణి లోకమున లేదు. పసివాడు చందమామను కోరును. యువకుడు కీర్తిని కోరును. వృద్ధుడు మనుమని పెండ్లి కన్నులార చూచి పోవలెనని కోరును. కోరికను గూర్చి శ్రీమద్భగవద్గీత రెండు తావుల రెండు విధములుగా పలికినట్లు పైకి తోచును. రెండవ అధ్యాయమున భగవానుడు ఒక సోపానమును చూపినాడు. విషయములను ధ్యానించువానికి వానియందు సంగము కలుగును. సంగమువలన కామము, కామమువలన క్రోధము, క్రోధమువలన సమ్మోహము, దానివలన స్మృతిభ్రంశము, తుదకు బుద్ధినాశము సంభవించును. ఏడవ అధ్యాయమున అదే భగవానుడు, ధర్మమునకు విరుద్ధము కాని కామము తానేయని సెలవిచ్చినాడు. కోరిక పతనహేతువా, భగవద్విభూతియా? ఈ రెండు మాటలకు పొత్తు ఎట్లు కుదురును? తత్త్వమును లోకానుభవముతో సరిచూచినగాని ఇట్టి సందేహము తీరదు.

శ్రీకాకుళం జిల్లా గార మండలమున, వంశధారానది సముద్రమున సంగమించు చోట కళింగపట్నము కలదు. ఒకప్పుడు ఓడలు వచ్చిపోయిన రేవు అది. నేడు ఓడల రద్దీ లేదు. దీపస్తంభము నిలిచియున్నది, సముద్రఘోష నిలిచియున్నది. అట్టి ఊర ఒక సామాన్య గృహస్థుని కుమారుడు కలడనుకొందము. శనివారము శనివారము భజనమందిరమున హార్మోనియమునకు, డోలక్కునకు తోడుగా అతడు ఒక పాత గిటారు వాయించును. అతడొకనాడు సెల్‌ఫోనులో ఒక క్రొత్త వాద్యమును చూచెను. నాటినుండి అతనికి నిదుర లేదు.

ఆ వాద్యము నిజముగనే చూడదగినది. గిటారు జాతిలో మంద్రస్వరములకొరకు ఏర్పడినది బేస్ గిటారు. సాధారణముగా దాని తంత్రులన్నియు ఒకే పొడవున నుండును, మెట్లు సమాంతరముగా నుండును. కాని మందమైన తంత్రికి పొడవు కొంత పెంచినచో బిగువు నిలిచి, మంద్రనాదము స్పష్టముగా పలుకును. సన్నని తంత్రికి అంత పొడవు అక్కరలేదు. ఈ సూక్ష్మమును గ్రహించి తంత్రికొక పొడవు నిచ్చి, మెట్లను విసనకర్ర పుల్లలవలె విప్పి అమర్చిరి. 16వ శతాబ్దమున ఇంగ్లండు దేశపు ఓర్ఫారియను అను వాద్యమునందే ఏటవాలు మెట్లు కనవచ్చినవి. ఆధునిక కాలమున అమెరికాలో రాల్ఫ్ నోవాక్ అను వాద్యశిల్పి ఇట్టి అమరికకు 1989లో పేటెంటు పొందెను. దీనినే ఫ్యాన్డ్ ఫ్రెట్ బేస్ గిటారు అందురు. మేలురకపు వాద్యము వెల లక్షల రూపాయలలో నుండును.

విదేశీవాద్యమును కోరుట తప్పాయని కొందరు శంకింపవచ్చును. వాద్యమునకు దేశభేదము దోషము కాదు. వయొలిన్ పడమటినుండి వచ్చినదే. బాలుస్వామి దీక్షితులవంటి మహనీయులు దానిని కర్ణాటక సంగీతమునకు అలవరచిరి. విజయనగరమున 1919లో సంగీత పాఠశాల వెలసినపుడు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులైరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ ఆచార్యులైరి, 1936లో అధ్యక్షపదవినే అలంకరించిరి. హరికథకు పితామహుడైన దాసుగారి నీడన పడమటి వాద్యము పరాయిది కాలేదు. పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేండ్ల ప్రాయమున చేపట్టినది తండ్రిగారి మాండలినునే. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున ఆ బాలుని కచేరి జరిగెను. 2014లో కాలధర్మము చెందువరకు ఆయన ఆ పాశ్చాత్యవాద్యముపై త్యాగరాజస్వామి కృతులను పలికించెను. ఇంట చేతికందిన వాద్యముతోనే ఆ సాధన మొదలైనదన్న సంగతి గుర్తుంచుకొనదగినది.

కావున దోషము వాద్యమునందు లేదు. మరి ఆ యువకుని స్థితి యెట్టిది? అతడు ఉదయము లేచినది మొదలు ఆ రూపమునే తలంచును. దాని చెక్క వన్నె, మెట్ల తీరు, వెల, దొరకు చోటు, మరొకడు దానిని వాయించిన తీరు అతని మనస్సున తిరుగుచుండును. గీతాచార్యుడు విషయములను తలపోయుటకు ధ్యానమను మాటనే వాడినాడు. యోగి భగవంతునియందు చేయు పనికిని, ఆశాపరుడు వస్తువునందు చేయు పనికిని పేరొక్కటే. అభ్యాసమును, ఏకాగ్రతయు, నిరంతరస్మరణమును రెండింట కలవు. ధ్యేయమే వేరు.

తరువాతి మెట్లును క్రమముగా వచ్చును. మొదట తన పాత గిటారు అతనికి రోతయగును. నిన్నటిదాక శ్రుతిశుద్ధముగా పలికిన తంత్రి నేడు మొద్దుగా వినిపించును. “ఉన్నది పాడైనదా నాయనా?” యని తల్లి అడిగినచో అతనికి కోపము వచ్చును. ఇట్టిదానిని కొనగల మిత్రునిపై ఈసు పుట్టును. కొనలేని తండ్రిపై చులకన కలుగును. చెల్లెలి పెండ్లికని తండ్రి దాచిన పైకము ఇంట నున్నదన్న తలంపు ఒక రాత్రి అతని మనస్సున మెరయును. ఆ మెరుపే బుద్ధినాశమునకు గుమ్మము. గీత చెప్పిన సోపానము ఎక్కడో అరణ్యమున లేదు. గృహస్థుని వసారాలోనే ఉన్నది.

ఈ వ్యాధికి మందు ఆ మండలముననే కలదు. కళింగపట్నము వలెనే శ్రీకూర్మ క్షేత్రమును గార మండలముననే ఉన్నది. అచ్చట స్వామి కూర్మరూపుడై పశ్చిమాభిముఖముగా వేంచేసియున్నాడు. రెండు ధ్వజస్తంభములు గల ఆ ఆలయమును, శ్వేతపుష్కరిణిని సేవించి యాత్రికులు ధన్యులగుచున్నారు. ఆ ప్రాంగణమున తాబేళ్లను సంరక్షించుటయు కలదు. కూర్మనాథుడు జీవులకు రెండు పాఠములు చెప్పుచున్నాడు.

మొదటిది క్షీరసాగరమథన పాఠము. దేవదానవులిరువురును అమృతమును కోరిరి. కోరినందుకు భగవానుడు వారిని తిరస్కరింపలేదు. కోరికతో వారు కడలిని చిలుకగా ఆధారము లేని మందరగిరి అడుగునకు క్రుంగిపోయెను. అప్పుడు స్వామి కమఠరూపమున దానిని వీపున మోసెను. మథనమున ముందు పుట్టినది హాలాహలము. అమృతమును కోరువాడు నడుమ విషమును చూడక తప్పదు. కోరిక మందరమువంటిది. భగవదాధారము లేనిచో అది తన బరువునకు తానే మునుగును, చిలుకువారి శ్రమయు మునుగును.

రెండవది ఇంద్రియనిగ్రహ పాఠము. తాబేలు తన అవయవములను లోనికి ముడుచుకొనునట్లు ఇంద్రియములను విషయములనుండి మరల్చువాడు స్థితప్రజ్ఞుడని గీత బోధించినది. ఇందొక విశేషము కలదు. తాబేలు అవయవములను ఖండించుకొనదు. వేళ యెరిగి ముడుచును, వేళ యెరిగి చాచును. సంగీతమును ప్రేమించు చెవిని కోసివేయుమని శాస్త్రము చెప్పలేదు. చెవి తన యజమానుడు కాక తన సేవకుడై యుండవలెనని చెప్పినది. సరస్వతీదేవి వీణకు కచ్ఛపి యను పేరు కలదు. కచ్ఛపమనగా తాబేలే కదా! నాదమునకును నిగ్రహమునకును గల చుట్టరికము ఆ పేరుననే తెలియుచున్నది.

బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశపు శిల్పులు వీణలు చేయు తీరు ఇందుకు చక్కని దృష్టాంతము. ఏకాండి వీణయనగా కుండయు దండియు ఒకే పనస దూలమునుండి అతుకు లేక రూపొందినది. దూలమును లోపల తొలిచినగాని నాదము పుట్టదు. నిండుగా నున్న దూలము బరువుగా మాత్రమే యుండును. తరువాత 24 మెట్లను మైనముపై నిలిపి, చెవితో పరీక్షించి, ఒక్కొక్క మెట్టును తన తావున కూర్చుదురు. మెట్టు ఆవగింజంత జరిగినను స్వరము తప్పును. హృదయమును అట్లే తొలువవలెను. అందు నిండియున్న మమకారము కొంత వెలికి పోయినగాని భగవన్నామము లోన మారుమ్రోగదు. కోరికలను తొలగించుట కొన్నిట, తావు మార్చుట కొన్నిట అవసరమగును. మెట్టును పారవేయక సరియైన చోట నిలుపుటయే శ్రుతి.

కోరిక తావు మారిన కథలలో ధ్రువోపాఖ్యానము శిరోభూషణము. ఆ బాలుడు అడవికి పోయినది మోక్షము కొరకు కాదు. తండ్రి తొడపై కూర్చుండనీయని సవతితల్లి మాట ములుకై నాటగా, ఎవరును పొందని పదమును కోరి పోయెను. నారదుడు ద్వాదశాక్షరిని ఉపదేశించెను. మధువనమున యమునాతీరమున బాలుడు తపమాచరించెను. భగవానుడు సాక్షాత్కరించినపుడు స్తుతింప మాట రాలేదు. స్వామి శంఖముతో అతని చెక్కిలిని తాకగా వాక్కు పుట్టెను. అతడు కోరిన పదమును స్వామి ఇచ్చెను, రాజ్యమును ఏలుమనెను. అయినను ధ్రువుడు ఇంటికి మరలుచు సంతోషింపలేదు. సర్వమును ఇయ్యగలవానిని చూచియు ఇంత అల్పమును కోరితినే యని పరితపించెను. ఇచ్చట రెండు సంగతులు గ్రహింపవలెను. అల్పమైన కోరికతో వచ్చినవానిని స్వామి వాకిటనుండి పంపలేదు. గీతలో చెప్పిన నలువురు భక్తులలో అర్థార్థియు ఒకడు. కాని స్వామిని చూచిన పిమ్మట కోరినది చేత నున్నను కోరినవాడు మునుపటివాడు కాలేదు.

వాద్యమును గూర్చియే చెప్పవలెనన్నచో తిరుప్పాణాళ్వారులను స్మరింపవలెను. పాణర్ కులమున పెరిగిన ఆ మహాభక్తుడు వీణ చేతబట్టి కావేరీతీరమున నిలిచి, ఆవలినున్న శ్రీరంగనాథుని పాడుచు మైమరచియుండెను. త్రోవ విడువుమన్న పిలుపు వినబడలేదు. లోకసారంగముని విసరిన రాయి ఆయనకు తగిలెను. ఆ గాయము రంగనాథుని ముఖమున కనబడెనని పెద్దలు చెప్పుదురు. స్వామి యాజ్ఞచే ఆ మునియే ఆళ్వారులను భుజములపై మోసికొని గర్భగృహమునకు చేర్చెను. ఆ చేతి వీణ వెల యెంతయో ఎవరును అడుగలేదు. దానిపై పలికినది ఎవరి నామమో లోకమంతయు నెరుగును. స్వామిని చూచిన కన్నులు వేరొకటి చూడవను భావముతో ఆయన ప్రబంధము ముగిసినది. దానికే ఆర్తియని పేరు. ఆశ వస్తువును తన చేతికి రమ్మనును. ఆర్తి తన్ను స్వామి చేతికి అప్పగించును.

మరి ఆ కళింగపట్నపు యువకుడు ఏమి చేయవలెను? అతనికి మూడు ప్రశ్నలు చాలును. ఈ వాద్యము వచ్చు ధనము ఎవరిది? తన కష్టార్జితమైనచో ధర్మము అడ్డురాదు, ఏండ్లు పట్టినను పట్టవచ్చును. అప్పుదైనను, చెల్లెలి పెండ్లిదైనను అది ధర్మవిరుద్ధ కామము. దానిపై మ్రోగు ప్రతిస్వరమున ఒకరి కన్నీరు వినబడును. రెండవది: ఇప్పుడు చేత నున్న వాద్యమునకు తాను చేయవలసిన సాధన ముగిసినదా? మూడవది: ఆ క్రొత్త నాదము ఎవరి చెవికి? స్వామి చెవికియా, నలుగురి మెప్పునకా? ఈ ప్రశ్నలకు నిజము చెప్పుకొనినవాని కోరిక వెంటనే చల్లారునని చెప్పరాదు. చల్లారకపోవచ్చును. కాని అది కూర్మపృష్ఠముపై నిలిచిన మందరమగును. మునుగదు, ముంచదు.

తల్లిదండ్రులకును ఒక మాట కలదు. బిడ్డ కోరికను పరిహసింపరాదు. సునీతి ధ్రువుని ఏడ్పును పరిహసింపలేదు. తాను తీర్పలేనిదాన్ని తీర్పగలవాని దెస చూపినది. అట్టి వేడిమి గల మనస్సు దొరకుట అరుదు. దానిని ఆర్పుట సులభము, దేవుని వాకిట దీపముగా నిలుపుట కష్టము. ఆ కష్టమే పెంపకము.

కళింగపట్నము మొదలైన ఆ తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ వచ్చి గ్రుడ్లు పెట్టి మరల కడలికి పోవును. పొదిగిన పిల్లలు ఇసుకనుండి వెలువడి, వెలుతురున్న వైపునకు నడచును. చీకటి రాత్రి ఆకాశపు కాంతితో మెరయు సముద్రమే వానికి వెలుగు. ఒడ్డున మనుష్యులు వెలిగించిన దీపములు ప్రకాశించినచో అవి దారి తప్పి ఊరివైపు మరలును. వెలుగును కోరుట ఆ పసికూనల తప్పు కాదు. ఆ కోరికతోనే అవి కడలిని చేరవలసియున్నవి. జీవుని కోరికయు అట్టిదే. దానిని కడలివైపు మరల్చు భారము కూర్మనాథునిది, మరలుటకు ఒప్పుకొను భారము జీవునిది. ఆ స్వామి కరుణ ఎల్లరిపై ప్రసరించుగాక!