ప్రేమించినవాడికి ఎంత హక్కు?

ప్రతి ఏడాదీ చలికాలం చివర్లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరా రాబోయే సీజన్ జాబితా ప్రకటిస్తుంది. ఆ రోజు నాకో ఫోను వస్తుంది. చేసేది ఒకప్పుడు నాతో పనిచేసి రిటైరైన పెద్దాయన. బ్రాంక్స్‌లో పుట్టి పెరిగినవాడు. మెట్ శనివారం మధ్యాహ్నపు రేడియో ప్రసారాలు 1931లో మొదలయ్యాయి. వాళ్ళమ్మ ఇస్త్రీ చేసుకుంటూ అవి వినేదట, ఈయనకి ఆ పిచ్చి అలా అంటుకుంది. నాకు ఆపెరా వినడం నేర్పింది ఈయనే. జాబితాని అచ్చు తీసుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని మరీ చదువుతాడు.

2023లో ఆ పెన్నుకి బాగా పని పడింది. 2023–24 సీజన్‌కి మొత్తం 18 ఆపెరాలు. వాటిలో ఆరు గత నలభై ఏళ్ళలో రాసినవే. వాగ్నర్‌ది ఒక్కటి. మోట్సార్ట్‌ది కూడా ఒక్కటే, అదీ పిల్లలున్న కుటుంబాల కోసం కుదించి ఇంగ్లీషులో పాడే ‘మేజిక్ ఫ్లూట్’. రిచర్డ్ స్ట్రాస్ అసలు లేడు. "నా ఇంట్లో సామాను నన్నడక్కుండా సర్దేశారు" అన్నాడాయన.

నా ఇల్లు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఒకదాన్ని యాభై, అరవై ఏళ్ళు ప్రేమిస్తే అది మనదవుతుందా?

ముందు డబ్బు సంగతి చూద్దాం. టికెట్ కొంటున్నాం కాబట్టి అడిగే హక్కుందంటారు చాలామంది అభిమానులు. కానీ మెట్ ఖర్చులో సగం కూడా టికెట్ల నుంచి రాదు. ఎక్కువ భాగం దాతలదే. డబ్బే హక్కునిస్తుందంటే, పై అంతస్తులో చవక సీటు కొనుక్కునే మా పెద్దాయనకి దక్కేది చిటికెడు. ఈ వాదనతో ఆయనే ఓడిపోతాడు. పైగా 2022 డిసెంబరులో యాజమాన్యం చెప్పింది కూడా డబ్బు లెక్కే: కొత్త ఆపెరాలకి పాతవాటికంటే టికెట్లు బాగా అమ్ముడవుతున్నాయి, వాటినే పెంచుతాం, మొత్తం ప్రదర్శనలు తగ్గిస్తాం, మూలనిధి నుంచి 3 కోట్ల డాలర్ల దాకా తీసి వాడతాం. అమ్ముడుపోయినదే మంచిదని పెద్దాయన ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. మరి మన హక్కుని మాత్రం టికెట్టుతో ఎలా కొలుస్తాం?

పోనీ, ప్రేమే హక్కు అందామా? దీనికి 1816 నాటి కథ ఒకటుంది. అప్పటికి ముప్ఫై ఏళ్ళకి పైగా ఇటలీ జనానికి ‘బార్బర్ ఆఫ్ సెవిల్’ అంటే పైసియెల్లో రాసినదే. రొస్సీని అనే పాతికేళ్ళు నిండని కుర్రాడు అదే కథకి కొత్తగా సంగీతం కట్టాడు. పెద్దాయన మీద గౌరవంతో పేరు కూడా మార్చి పెట్టాడు. అయినా రోమ్‌లో మొదటి రాత్రి అల్లరల్లరి చేశారు. చేసినవాళ్ళలో పైసియెల్లో అభిమానులున్నారు. వాళ్ళ ప్రేమ అబద్ధమని ఎవరంటారు? కానీ అది చెవులు మూసుకున్న ప్రేమ. రెండో రాత్రి నుంచే ఆపెరా నిలబడింది. ఇవాళ మెట్ జాబితాలో రొస్సీని ‘బార్బర్’ లేకపోతే అలిగేది మా పెద్దాయనలాంటి వాళ్ళే.

ఇది చెప్పి గెలిచాననుకున్నాను. ఆయన నిదానంగా అన్నాడు: "నాకు డెబ్భై ఆరు. వాళ్ళు ‘రింగ్’ మొత్తం చివరిసారి వేసింది 2019లో. మళ్ళీ ఎప్పుడు వేస్తారు? అప్పటికి నేను ఆ మెట్లెక్కగలనా? సంస్థకి వందేళ్ళున్నాయి. నీకూ ముప్ఫై ఏళ్ళున్నాయి. నేను ఒక్కొక్కటి లెక్కపెట్టుకుంటున్నాను."

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. ‘రింగ్’ అంటే నాలుగు ఆపెరాలు, దాదాపు పదిహేను గంటల సంగీతం. రికార్డుల్లో ఎన్నిసార్లైనా వినొచ్చు, కానీ 3,800 మంది పట్టే ఆ హాల్లో మైకు లేని గొంతు ఆర్కెస్ట్రాని దాటుకుని పై అంతస్తుదాకా రావడం వేరు. ఇష్టమైనదాన్ని ఇంకెన్నిసార్లు వింటానో తెలియని మనిషికి, జాబితాలో ఒక పేరు కొట్టేయడమంటే మామూలు మార్పు కాదు. అభిమానుల కోపంలో సగం మొండితనమని తీసిపారేస్తాం. అందులో ఈ భయం ఎంతుందో చూడం.

ఆయన బాధ నాకు కొంతైనా అర్థం కావడానికి మా తాతయ్య కారణం. కృష్ణరాయబారం అంటే ఆయనకి ప్రాణం. కథ తెలిసిందే, పద్యమూ నోటికొచ్చిందే. అయినా అర్ధరాత్రి దాటాక వన్స్ మోర్ కొట్టి అదే పద్యం మళ్ళీ పాడించుకునేవారు. ఎరిగినదాన్ని మళ్ళీ వినడంలో ఉన్న సుఖాన్ని తక్కువచేసి మాట్లాడటం నా వల్ల కాదు. కానీ మా ఊళ్ళో ఆ నాటకాలు ఆగిపోయే నాటికి, ముందు వరసల్లో తాతయ్య ఈడువాళ్ళే మిగిలారు. మాకోసం ఎవరూ ఏదీ ఆడలేదు. మేమూ అడగలేదు. ఏముందో తెలిస్తే కదా అడగడానికి!

నాకు చిక్కంతా ఇక్కడే. హాల్లో ఉన్నవాడు అరవగలడు. ఇంకా లోపలికి రానివాడి ఫిర్యాదు ఎవరికీ వినబడదు. మెట్ మొదలైంది 1883లో. మేరియన్ ఆండర్సన్ ఆ వేదిక మీద పాడింది 1955లో. ముఖ్యపాత్రలో ఒక నల్లజాతి గాయని గొంతు అక్కడ వినిపించడం అదే మొదలు. ఒక నల్లజాతి స్వరకర్త ఆపెరా, టెరెన్స్ బ్లాంచర్డ్‌ది, అక్కడికి చేరింది 2021లో. అంటే 138 ఏళ్ళు. అలవాటైన శ్రోతల ఇష్టమే కొలత అయితే ఇంకెన్నేళ్ళు పట్టేదో. పెద్దాయన గడిచిపోతున్న తన సాయంత్రాలు లెక్కపెట్టుకుంటున్నాడు. అసలు ఒక్క సాయంత్రం కూడా దక్కనివాళ్ళ లెక్క ఎవరు చూడాలి?

కాబట్టి నాకు తోచింది ఇది. ప్రేమ వల్ల యాజమాన్యం రాదు. జవాబు అడిగే హక్కు వస్తుంది. ఏది ఎందుకు తీశారో, మళ్ళీ ఎప్పుడు తెస్తారో సంస్థ మర్యాదగా చెప్పాలి. ‘పాతకాలం మనుషులు’ అని కొట్టిపారేయకూడదు. నిన్నటి గాయకుణ్ణి గుర్తుపెట్టుకుని ఇవాళ్టి గాయకుడితో పోల్చేది వాళ్ళే. ఆ జ్ఞాపకం పోతే పాటకి కొలబద్ద పోతుంది. బదులుగా శ్రోత కూడా ఒకటివ్వాలి. తిట్టేముందు ఒకసారి వినాలి. 2009లో ‘టోస్కా’ కొత్త ప్రొడక్షన్ మొదటి రాత్రి దర్శకబృందం తెరముందుకు రాగానే హాలంతా అరిచింది. అరిచినవాళ్ళలో తానూ ఉన్నానని మా పెద్దాయన ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు. కానీ వాళ్ళు మూడంకాలూ చూసి అరిచారు. ఎనిమిదేళ్ళకి సంస్థ ఆ ప్రొడక్షన్‌ని మార్చింది. జాబితా చూసి అరవడం అలాంటిది కాదు.

ఈ మాటే ఆయనతో అని, ఆ ఏడాది ‘డెడ్ మ్యాన్ వాకింగ్’కి రమ్మన్నాను. లెక్కపెట్టుకుంటున్న సాయంత్రాల్లో ఒకటి అడుగుతున్నానని తెలుసు. అది న్యాయమేనా అన్న అనుమానం ఇప్పటికీ ఉంది. వచ్చాడు. మరణశిక్ష అమలయ్యే చోట ఆర్కెస్ట్రా ఆగిపోతుంది. యంత్రాల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. పక్కన ఆయన ఊపిరి నాకు వినబడింది.

బయట, ఫౌంటెన్ దగ్గర అడిగాను, ఎలా ఉందని.

"పాటలు ఇంటిదాకా రావు. మళ్ళీ రాను" అన్నాడు. సబ్‌వే మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని ఆగి, "ఆ నిశ్శబ్దం మాత్రం సరిగ్గా పెట్టాడు" అన్నాడు.

మరుసటి ఏడాది జాబితా రాగానే మళ్ళీ ఫోను మోగింది. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. "కొత్తవాటిలో ఏది వినాలో నువ్వు చెప్పు. ఒక్కటే. మిగతావి నేను తిట్టుకుంటాను."