తాతగారు నరకంలో ఉన్నారా?

ప్రశ్న: మా తాతగారు బాప్తిస్మం తీసుకోలేదు. ఆయన పోయాకే మా కుటుంబం సంఘంలో చేరింది. వడ్డీ పుచ్చుకోకుండా ఊళ్లో పదిమందికి విత్తనాలు సర్దిన మనిషి ఆయన. మొన్న మా ఊరి కూటాల్లో ఒక ప్రసంగీకుడు తాను నరకం చూసి వచ్చానని, రక్షణ లేకుండా పోయిన మన పెద్దలు అక్కడ కేకలు పెడుతున్నారని చెప్పారు. మా చిన్నవాడు ఆ రాత్రి నుంచి లైటు ఆర్పనివ్వడం లేదు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడేమో చివరికి అందరూ రక్షణ పొందుతారు, సైతానుతో సహా, భయం దేనికి అంటాడు. ఎవరి మాట నమ్మాలి? జ్ఞాపకార్థ కూటంలో తాతగారి పేరు ఎత్తవచ్చా?
– ఒక సోదరి, బాపట్ల

సమాధానం: అమ్మా, ఈ ఉత్తరం నెలకొకటైనా వస్తుంది. ఊరి పేరు మారుతుంది, తాత బదులు అమ్మమ్మ ఉంటుంది, అంతే తేడా. మన దేశంలో ఈ సందేహం లేని క్రైస్తవ ఇల్లు తక్కువ. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున మిషనరీ క్లౌ దొరగారి మిషను ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. సువార్త చెవిన పడకుండానే పోయిన తల్లులు, తండ్రులు వాళ్లలో ఎంతమందికి ఉంటారో ఆలోచించండి. అంతకు మూడు వందల ఏళ్ల ముందే జపానులో కొత్తగా నమ్మినవాళ్లు ఇదే అడిగి ఏడ్చారని కత్తోలిక మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ 1552లో రాసిన ఉత్తరంలో ఉంది. మీ పెద్దలకిక దారి లేదని ఆయన వాళ్లకు చెప్పాడు. మహాత్ముడే, కాదనను. ఆ జవాబు మాత్రం నేను ఇవ్వను.

ముందు ఆ నరక యాత్రికుడి సంగతి చూద్దాం. వేదగ్రంథంలో నరకం చూసి వచ్చి, ఎవరెవరు ఏ మూల ఉన్నారో చెప్పినవాడు ఒక్కడూ లేడు. నాలుగు రోజులు సమాధిలో ఉండి లేచిన బేతనియ లాజరు సైతం అక్కడేం చూశాడో ఒక్క ముక్క చెప్పినట్టు యోహాను రాయలేదు. మరి ఈ కథలు ఎక్కడివంటే, రెండో శతాబ్దంలో పేతురు పేరు పెట్టి ఎవరో రాసిన ‘పేతురు ప్రకటన’ అనే పుస్తకంలో వీటి మూలం ఉంది. సంఘం దాన్ని బైబిల్లో చేర్చలేదు. దానిలో గ్రీకు భాగం ఒకటి 1880ల్లో ఈజిప్టులో, అఖ్మీం దగ్గర ఒక సమాధిలో దొరికింది. అందులో నీతిమార్గాన్ని దూషించినవాళ్లు నాలుకలకు వేలాడుతుంటారు. వడ్డీ మీద వడ్డీ గుంజినవాళ్లు చీమూ నెత్తురూ ఉడికే మడుగులో మోకాళ్లలోతున నిలబడి ఉంటారు. ఆ లెక్కన చూసినా మీ తాతగారికి ఆ మడుగులో చోటు లేదు!

ఇంకో విశేషం వినండి. అదే పుస్తకానికి చెందిన మరో పాత గ్రీకు ముక్కలో, నీతిమంతులు శిక్షలో ఉన్నవాళ్లలో ఎవరి కోసం ప్రభువును అడిగితే వాళ్లను ఆయన బయటికి తీసి అప్పగిస్తాడని ఉంది. నరకాన్ని అంత భయంకరంగా చిత్రించినవాడికే ఈ దయ తోచింది. ఇప్పటి మైకు ప్రసంగీకులు చీము మడుగును ఉంచుకుని ఈ ముక్కను వదిలేశారు. రాత్రి పదకొండింటికి, నిద్ర మత్తులో ఉన్న పసివాళ్ల ముందు ఇది చెప్పి చేతులెత్తించడం మారుమనస్సు కాదు, బెదిరింపు. చిన్నవాణ్ణి కొన్నాళ్లు ఆ కూటాలకు తీసుకెళ్లకండి. లైటు వెలగనివ్వండి, కరెంటు బిల్లుకు భయపడకండి.

అలాగని నరకం ఊసే వద్దంటే, ఆ మాట యేసు నోటి నుంచే ఎక్కువగా వచ్చిందని మరిచిపోకూడదు. ఎవరితో అన్నాడో చూడండి. మత్తయి 25లో ఎడమ పక్కకు వెళ్లినవాళ్ల మీద నేరం ఏమిటి? ఆకలైనవాడికి పెట్టలేదు, దాహమన్నవాడికి నీళ్లివ్వలేదు, చెరసాలలో ఉన్నవాణ్ణి పలకరించలేదు. లూకా 16లో ధనవంతుడు దొంగతనం చేశాడని గానీ, విగ్రహాలకు మొక్కాడని గానీ లేదు. గుమ్మం ముందు కురుపులతో పడి ఉన్న లాజరు అనే దరిద్రుణ్ణి పట్టించుకోకుండా రోజూ విందు చేసుకున్నాడు. ఈ రెండు అధ్యాయాల మీద ఉజ్జీవ కూటాల్లో ప్రసంగం ఎందుకు అరుదో నాకు తెలుసు. ముందు వరస సోఫాల్లో కూర్చున్న దాతలు ఇబ్బంది పడతారు. నరకానికి పోయిన పరాయివాడి తాత గురించి చెబితే ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇక మీ తమ్ముడు. అతను చెప్పింది కొత్త ఫ్యాషనేమీ కాదు. మూడో శతాబ్దపు అలెగ్జాండ్రియా పండితుడు ఓరిగెను చివరకు సమస్తమూ దేవుని దగ్గరికి తిరిగి చేరుతుందని ఆశించాడు. సైతాను మాట తన మీద రుద్దారని, తాను అలా అనలేదని బతికుండగానే మిత్రులకు రాసుకున్నాడు కూడా. 553లో కాన్‌స్టాంటినోపిల్ మహాసభ నాటికి అతని పేరు నిందితుల జాబితాకు ఎక్కింది. అదే ఆశను రాసిన నాలుగో శతాబ్దపు బిషప్పు నిస్సా గ్రెగరీని మాత్రం తూర్పు సంఘాలూ, పడమటి సంఘాలూ నేటికీ పరిశుద్ధుడనే పిలుస్తున్నాయి. వాక్యంలోనూ రెండు వైపులా ఉంది. 1 కొరింథీయులకు 15:22, కొలొస్సయులకు 1:20, 1 తిమోతికి 2:4 చదివితే తమ్ముడు గెలిచినట్టుంటుంది. మత్తయి 25:46, ప్రకటన 20:15 చదివితే ఓడిపోతాడు. శిక్ష నిత్యం సాగదు, దుష్టులు నశించిపోతారు అనేవాళ్లూ ఉన్నారు. సెవెంత్ డే అడ్వెంటిస్టులు అదే నమ్ముతారు, ఇంగ్లండులో జాన్ స్టాట్ అంతటి బోధకుడు 1988లో అటే మొగ్గాడు.

తమ్ముడికి ఒక మాట చెప్పండి. గ్రెగరీ రాసిన ఆశలో అగ్ని ఉంది. బంగారంలోని మలినం కరిగేదాకా ఆగని అగ్ని, మలినం ఎంత ఉంటే బాధ అంత. ఆదివారం ఆరాధన మానడానికి అతను ఇచ్చిన సెలవు చీటీ కాదది. దేవుడు అందరినీ రక్షిస్తే బాగుండునని ఆశపడదాం, అందుకోసం ప్రార్థిద్దాం. రక్షించి తీరాలని ఆయనకు తాఖీదు పంపే హోదా మాత్రం డాలస్‌లోనూ లేదు, బాపట్లలోనూ లేదు.

సువార్త వినకుండా పోయినవాళ్ల సంగతి అడిగారు. ధర్మశాస్త్రం లేని అన్యజనుల హృదయాల మీదే ఆ శాస్త్రపు పని రాసి ఉందని, మనస్సాక్షి సాక్ష్యమిస్తుందని పౌలు రోమా పత్రిక 2లో అన్నాడు. తన తప్పు లేకుండా సువార్త ఎరగక, మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెదికినవారు కృప వల్ల రక్షణ పొందగలరని 1964లో కత్తోలికుల రెండో వాటికన్ మహాసభ తేల్చి చెప్పింది. మన ప్రొటెస్టెంటు పెద్దల్లో దీన్ని ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఒప్పుకుంటాను. ఇంకొకటి గమనించండి. కత్తోలిక సంఘం వేలమందిని పునీతులని ప్రకటించింది. ఫలానావాడు నరకంలో ఉన్నాడని ఇన్ని శతాబ్దాల్లో ఒక్కరి గురించీ, యూదా ఇస్కరియోతు గురించి కూడా, అధికారికంగా ప్రకటించలేదు. రెండు వేల ఏళ్ల సంఘం చేయని పనిని మీ ఊరి ప్రసంగీకుడు ఒక్క సాయంత్రంలో చేసి, కానుక పట్టి వెళ్లిపోయాడు.

పేరు ఎత్తడం గురించి. కత్తోలికులు నవంబరు 2న సమాధుల పండుగనాడు కొవ్వొత్తులు వెలిగించి, పోయినవారి ఆత్మల కోసం ప్రార్థిస్తారు. పాపక్షమాపణ చీటీల వ్యాపారం చూసి విసిగిన సంస్కర్తలు అలాంటి ప్రార్థనలను మానిపించారు, మన సంఘాలకు ఆ వాడుకే వచ్చింది. కానీ తాతగారి మేలును తలుచుకుని దేవునికి కృతజ్ఞత చెల్లించడం ఏ సంస్కర్తా కాదనలేదు. నిస్సంకోచంగా పేరు ఎత్తండి, విత్తనాల సంగతి కూడా చెప్పండి. సంఘ పెద్దలెవరైనా అడ్డుపడితే ఈ పేజీ వాళ్ల చేతికిచ్చి, ఎత్తవలసిన పేర్లలో వాళ్ల ముత్తాతల పేర్లు కూడా రాసి ఇమ్మనండి.