ఏ యాప్ మంచిదని అడిగిన మనవరాలికి

బిడ్డా,

మంచీచెడూ చూసి కొనడానికి ఫోన్‌లో ఏ యాప్ వేసుకోవాలని హాస్టల్ నుంచి అడిగావు. నీ వయసులో ఈ ప్రశ్న పుట్టినందుకు నాకెంతో సంతోషంగా ఉంది. అయితే ముందు నువ్వొకటి తేల్చుకోవాలి. నీకు ఏది ముఖ్యం? రైతుకు గిట్టుబాటా, మందులు కొట్టని తిండా, నేతన్నకు పనా, మన దేశపు సరుకా? అన్నీ కావాలంటే ఏదీ కొనలేవు. ఒకటో రెండో పట్టుకుని వాటిమీద నిలబడు.

యాప్‌లు వద్దనను. ఫ్రాన్స్‌లో 2012లో మొదలైన ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్‌కు బిస్కెట్ పొట్లం బార్‌కోడ్ చూపిస్తే అందులో ఏమేం కలిపారో, చక్కెర ఎంతో, ఉప్పు ఎంతో చెబుతుంది. ఆ వివరాలు ఎక్కించేది నీలాంటి మామూలు జనమే. మన ప్రభుత్వం తెచ్చిన బీఐఎస్ కేర్‌లో నగ మీది హెచ్‌యూఐడీ నంబర్ కొట్టి హాల్‌మార్క్ అసలుదో కాదో చూసుకోవచ్చు. కానీ బార్‌కోడ్‌ను గుడ్డిగా నమ్మకు. 890తో మొదలైతే మన దేశంలో తయారైన సరుకేనని చాలామంది అనుకుంటారు. కంపెనీ ఆ బార్‌కోడ్‌ను ఇక్కడి సంస్థ దగ్గర తీసుకుందని మాత్రమే దానర్థం. సరుకు ఎక్కడ తయారైందో ఆన్‌లైన్‌లో వస్తువు వివరాల్లో వెతుకు. అది చూపించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి.

ఇక మన లాలాపేట్‌లో పొద్దున్నే తోపుడుబండి మీద పుంటికూర, తోటకూర అమ్మే ఆమె సంగతి. ఆమె కట్టకు బార్‌కోడ్ లేదు, కాబట్టి యాప్‌కు ఆమె లేనే లేదు. యాప్‌లో కనబడనిది మంచిది కాదనుకుంటే మొదట నష్టపోయేది ఆమే.

సేంద్రియ తిండి కావాలంటే పొట్లం మీద జైవిక్ భారత్ గుర్తు చూడు. పీజీఎస్ అని ఉంటే, రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు చూసి పూచీ పడ్డారని అర్థం. దీని గురించి తెలుసుకోవడానికి నువ్వు దూరం పోనక్కర్లేదు. రసాయనాలు లేని సేద్యం కోసం డాక్టర్ జి.వి.రామాంజనేయులు నడిపిస్తున్న సుస్థిర వ్యవసాయ కేంద్రం మీ యూనివర్సిటీ పక్కన తార్నాకలోనే ఉంది. జనగామ దగ్గరి ఏనెబావిలో ఊరు ఊరంతా పురుగుమందులు మానేసిన కథ ఆ కేంద్రం వాళ్లను అడుగు. ఏ పంట ఎవరి చేలోదో తెలిసి కొనడం ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

పోచంపల్లి చీర ఫోన్‌లో కొంటానన్నావు కదా, అక్కడే మోసం ఎక్కువ. అసలు ఇక్కత్‌లో నూలుకు ముందే చిటికి కట్టి రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ రెండు వైపులా ఒకేలా పండుతుంది, పువ్వు అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. అచ్చు వేసిన నకిలీని తిరగేస్తే వెనక వెలిసిపోయి ఉంటుంది. ఫోన్‌లో కనబడేది ముందు వైపే. వెనక ఫోటో అడుగు, హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందో చూడు. పంపకపోతే కొనకు.

యంత్రం తగిలితే చేనేత కాదని తీర్పు చెప్పేవాళ్ల మాట కూడా పట్టించుకోకు. చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలు చుట్టాలంటే, ఆడవాళ్లు చెయ్యి వేలసార్లు ఆడించాల్సి వచ్చేది, భుజాలు పడిపోయేవి. తల్లి పడ్డ ఆ బాధ చూడలేకే ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసి, ఆమె పేరే పెట్టాడు. అతనికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు యంత్రం మీద పోసినా చీర నేసేది మగ్గం మీదే. ఆడవాళ్ల చేతులకు ఆ బాధ తప్పినందుకు ఆ చీర విలువ పెరిగిందనే నేనంటాను. ఏ యాప్‌లో దీనికి మార్కులు వేస్తారు?

చివరగా ఒక్కటి. సేంద్రియ బియ్యం పది నిమిషాల్లో కావాలని పట్టుబట్టకు. ఆ పది నిమిషాలూ తార్నాక ట్రాఫిక్‌లో బండి నడిపే కుర్రాడి మీద పడతాయి. వారానికి ఒకసారి చీటీ రాసుకుని నువ్వే నడిచి వెళ్లి తెచ్చుకో. దారిలో తోపుడుబండి దగ్గర ఆగి, పుంటికూర ఎక్కడిదని అడిగి కొను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ
లాలాపేట్