గుణమా, నైపుణ్యమా?

అంగన్‌వాడీలో పిల్లల రోజు ఎలా గడవాలో చెబుతూ 2024లో కేంద్రం రెండు పత్రాలు తెచ్చింది. మూడేళ్ళలోపు వారికి ‘నవచేతన’, మూడు నుంచి ఆరేళ్ళ వారికి ‘ఆధారశిల’. ఆటపాటలు, కథలు, కబుర్లే చదువంటాయవి. ప్రతి బిడ్డనూ విడిగా గమనించమంటాయి. ఇందులో నాకు పేచీ లేదు.

అయితే గమనించడమంటే ఏమిటి? మూల ఒంటరిగా కూర్చున్న పిల్ల ఆటలో మునిగిందో, దిగులుపడుతోందో పోల్చుకోవడం. పలకరించాలో, వదిలెయ్యాలో ఆ క్షణంలోనే తేల్చుకోవడం. ఏ ప్రణాళికా ఆ నిర్ణయాన్ని ముందే రాసిపెట్టలేదు.

ఇంత వివేచన అడిగే పనికి 1975లో ఐసిడిఎస్ మొదలైనప్పటి నుంచీ ఇస్తున్నది జీతం కాదు, ‘గౌరవ వేతనం’. వీళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పైగా 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌లో హాజరు, ఎత్తు, బరువు ఎక్కించాలి. ఇక చూపు బిడ్డ మీద నిలవాలా, ఫోను మీదా?

పిల్లల పెంపకం ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చే గుణమన్న నమ్మకమే దీనికంతటికీ మూలం. గుణమే అయితే ఈ పత్రాలెందుకు, శిక్షణెందుకు? నైపుణ్యమే అయితే జీతమేది? పని దగ్గర నైపుణ్యమనీ, డబ్బు దగ్గర గుణమనీ అనడం కుదరదు.