మూట దాచుకోనక్కర్లేని విందు

పదో తరగతి కలిసి చదివినవాళ్లు పాతికేళ్లకో, ముప్పయ్యేళ్లకో మళ్లీ అదే బడిలో కలుసుకోవడం ఇప్పుడు తెలుగునాట ఊరూరా కనిపిస్తోంది. గురువులకు శాలువాలు కప్పుతారు, పాత ముచ్చట్లు చెప్పుకుంటారు, అందరూ కలిసి భోంచేస్తారు. ఇదంతా కాలక్షేపమే, దీనికీ దైవచింతనకూ సంబంధమేమిటి అనిపించవచ్చు. మన ఇతిహాస పురాణాలు మాత్రం పాత మిత్రుల కలయికను తేలిగ్గా తీసుకోలేదు. ఆ కలయిక ఎంత ఎత్తుకు తీసుకెళ్తుందో భాగవతం చూపింది. అదే చెడితే ఎంత అనర్థమో భారతం చూపింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేటపడుతుంది. చిన్ననాటి నేస్తం ముందు హెచ్చుతగ్గుల లెక్క వదులుకోవడం కూడా సాధనే. అహంకారాన్ని తగ్గించుకోవడానికి అంతకన్నా కఠినమైన పరీక్ష అరుదుగా ఎదురవుతుంది.

కుచేలుడి కథ భాగవతం దశమ స్కంధంలోది. అవంతిలో సాందీపని దగ్గర కృష్ణుడితో కలిసి చదువుకున్న ఆ పేద బ్రాహ్మణుడు భార్య మాట మీద ద్వారకకు బయలుదేరాడు. ఉత్త చేతులతో పంపలేక ఆ ఇల్లాలు ఇరుగుపొరుగును అడిగి తెచ్చిన నాలుగు పిడికిళ్ల అటుకులను పాతగుడ్డలో మూటగట్టి ఇచ్చింది. ఆ తర్వాత జరిగినవాటి వరస గమనించాలి. కృష్ణుడు ఎదురెళ్లి కౌగిలించుకున్నాడు, తన పాన్పు మీద కూర్చోబెట్టాడు, కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నాడు. అతిథి మర్యాదలన్నీ అయ్యాక గురుకులం రోజులు ఎత్తాడు. కట్టెలకోసం అడవికి వెళ్లి గాలివానలో చిక్కుకోవడం, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దారి తెలియక తిరగడం, తెల్లవారాక గురువే వెతుక్కుంటూ రావడం, అన్నీ గుర్తుచేశాడు. నాకేం తెచ్చావని అడిగింది ఆ తర్వాతే. సిగ్గుతో తల వంచుకున్న మిత్రుడి మూటను తనే లాక్కుని, పిడికెడు నోట్లో వేసుకున్నాడు. భక్తితో ఇస్తే ఆకైనా పువ్వైనా స్వీకరిస్తానని గీత తొమ్మిదో అధ్యాయంలో ఉన్న శ్లోకమే భాగవతంలో ఈ ఘట్టంలోనూ కృష్ణుడి నోట వినిపిస్తుంది. గీతలో అది బోధ. ఇక్కడ ఆచరణ. ఇంకో సంగతీ ఉంది. ద్వారకలో కుచేలుడు ఏమీ అడగలేదు, కృష్ణుడు చేతికి ఏమీ ఇవ్వలేదు. సంపద వచ్చిందని ఆయనకు ఇల్లు చేరాకే తెలిసింది. నలుగురి ముందూ ఇచ్చి ఉంటే, మిత్రుడిగా వచ్చినవాడు యాచకుడిగా తిరిగి వెళ్లేవాడు.

భగవంతుడు కనుక, పైగా సిరిసంపదలున్నవాడు కనుక ఆయనకు చెల్లింది అనవచ్చు. భారతంలో రాజైన ద్రుపదుడికి సిరిసంపదల్లో ఏం తక్కువ? ద్రోణుడూ ద్రుపదుడూ భరద్వాజుడి ఆశ్రమంలో కలిసి ఆడుకుని చదువుకున్నవారే. ద్రోణుడి కొడుకు అశ్వత్థామ పసితనంలో పాలకోసం ఏడిస్తే తోటిపిల్లలు నీళ్లలో పిండి కలిపి ఇచ్చారు. పాలు తాగానని వాడు సంబరపడి గంతులేశాడు. ఆ బాధతో ద్రోణుడు పాత స్నేహితుడి దగ్గరకు వెళ్లాడు. రాజుకీ పేదకీ స్నేహమేమిటని ద్రుపదుడు మొహం మీదే అనేశాడు. ఆ అవమానానికి బదులుగా ద్రోణుడు శిష్యుల చేత ద్రుపదుణ్ణి బంధింపజేసి సగం రాజ్యం తీసుకున్నాడు. ద్రోణుణ్ణి చంపే కొడుకు కావాలని ద్రుపదుడు యజ్ఞం చేశాడు. కురుక్షేత్రంలో ద్రోణుడి చేతిలో ద్రుపదుడు, ద్రుపదుడి కొడుకు ధృష్టద్యుమ్నుడి చేతిలో ద్రోణుడు, అశ్వత్థామ చేతిలో ధృష్టద్యుమ్నుడు పోయారు. ఒక ఆవును ఇచ్చి పంపినా తీరిపోయే బాధ మూడు ప్రాణాల దాకా వచ్చింది. కాబట్టి తేడా కలిమిలో లేదు, మనసులో ఉంది.

వైరాగ్యం కావలసినవాడికి ఈ బంధాలెందుకన్న ప్రశ్న కాస్త బరువైనదే. అయితే భాగవతం కుచేలుణ్ణి విషయసుఖాల మీద ఆశ లేనివాడిగానే పరిచయం చేస్తుంది. గీత పన్నెండో అధ్యాయం భక్తుడి లక్షణాలు చెబుతూ మమకారం లేకపోవడాన్నీ సకల ప్రాణుల పట్ల మైత్రినీ ఒకే శ్లోకంలో చెప్పింది. వదులుకోవలసింది ఎదుటివాడి నుంచి ఏదో రావాలన్న ఆశను, వాడికన్నా మనం ఎక్కువన్న భావాన్ని. ఆ రెండూ పోతే మిగిలే స్నేహం మోక్షమార్గానికి అడ్డు కాదు.

మందు లేనిదే పాత స్నేహితుల కలయిక కాదనేవారికి భారతం మౌసలపర్వం జవాబు చెబుతుంది. కురుక్షేత్ర యుద్ధం ముగిసిన 36 ఏళ్లకు యాదవులు ప్రభాసతీర్థంలో తిని తాగుతూ కూర్చున్నారు. నిద్రపోతున్నవాళ్లను చంపినవాడివంటూ సాత్యకి మద్యం మత్తులో కృతవర్మను ఎగతాళి చేశాడు. ఆయుధం వదిలి కూర్చున్న భూరిశ్రవసుణ్ణి నువ్వు చంపలేదా అని కృతవర్మ ఎత్తిపొడిచాడు. సాత్యకి కత్తి దూసి కృతవర్మ తల నరికితే, మిగతావారు తాము తిన్న ఎంగిలి గిన్నెలతోనే సాత్యకిని కొట్టారు. అంతా యాదవకులం నశించాలన్న మునుల శాపమేనని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ శాపం ఫలించడానికి దారి తెరిచింది మత్తు. తాగినవాడికి పాత ప్రేమ గుర్తొస్తుందని అనుకుంటాం, పాత పగ కూడా అంతే సులువుగా గుర్తొస్తుంది. ముప్పయ్యేళ్లనాటి మాట ఒకటి తవ్వి తీయడానికి పట్టే సమయం ఎంత?

కాబట్టి మీ బడి కలయికకు పూనుకునేవారు భోజనాల పట్టిక రాసేముందు, రానని చెప్పినవాళ్ల పేర్లు చూడాలి. చాలామంది తీరిక లేక కాదు, చందా కట్టలేక, నలుగురిలో ఏం చేస్తున్నావని అడిగితే చెప్పుకోలేక మానేస్తారు. చందా ఎవరెంత ఇచ్చారో చదవకండి. వేదిక మీద ఉద్యోగాల హోదాలు ప్రకటించకండి. సాయం అవసరమైనవాడికి ఫొటో లేకుండా, మిగతావారికి తెలియకుండా చేయండి. రానన్నవాడింటికి ఒకరు ముందే వెళ్లి పిలుచుకు రండి. కృష్ణుడు ఎదురెళ్లింది ఇలాంటివాడి కోసమే. ఆ బ్యాచ్‌లో అందరికన్నా పేదవాడు తల వంచుకోకుండా కడుపునిండా తిని లేచిన రోజు, ఆ విందు దేవుడికి పెట్టిన నైవేద్యంతో సమానమని నిస్సందేహంగా చెప్పవచ్చు.